పిచ్చుక ముక్కులూ మా వదిన వేళ్ళూ

మా ఇంట్లో ఇల్లు ఊడవడమంటే చెత్త ఎత్తడం కాదు, వెతకడం. నేను చీపురు పట్టుకుని ముందుగదిలో అడుగు పెట్టానో లేదో మిషను దగ్గర్నుంచి వదిన గొంతు లేస్తుంది.

"మెల్లగా, మెల్లగా. బీరువా కింద ఒకటి పడింది. నల్లది. కందిబద్దలో సగం ఉంటుంది."

నేను చీపురు గోడకి ఆనించి, నేలమీద బోర్లా పడుకున్నంత పని చేసి, బీరువా కింద చెయ్యి పెట్టి తడుముతాను. రంపప్పొట్టు వస్తుంది. విరిగిన బ్లేడు ముక్క గుచ్చుకుంటుంది. ఎప్పుడో పోయిందనుకున్న నా జడపిన్ను దొరుకుతుంది. ఆవిడ కోసిన చెక్క పిచ్చుక ముక్కు మాత్రం దొరకదు.

"దొరికిందా?"

"లేదు వదినా."

"కళ్ళు పెట్టి చూడవే."

ఉన్న రెండు కళ్ళూ పెట్టే చూస్తున్నాను. ఆ వారమంతా ఇదే వరస. ఆవిడ కోస్తుంది, ముక్క ఎగురుతుంది, ఇద్దరం వెతుకుతాం, దొరకదు, ఆవిడ మళ్ళీ కోస్తుంది. ఒకవేళ దొరికినా సుఖం లేదు. అప్పటికే దాని మొన విరిగి ఉంటుంది.

వదినంటే మా ఆయనకి స్వయానా అక్క. వీధిలో పిల్లాపెద్దా అందరికీ ఆవిడ మేస్త్రమ్మ. మా మామగారు చెక్కలో చెక్క పొదిగే మేస్త్రి. బల్లల మీదా, పెట్టెల మూతల మీదా, గడియారాల పలకల మీదా రకరకాల రంగు చెక్కలు కోసి, ఒకదాంట్లో ఒకటి అతుకు కనపడకుండా కూర్చి బొమ్మలు పొదిగేవారు. వదిన ఆయన దగ్గరే పని నేర్చుకుంది. సంబంధాలు రాకపోలేదు. ఒక పెళ్ళికొడుకు తల్లి ఆవిడ చెయ్యి తిప్పి చూసి, "ఈ కాయలేమిటమ్మా" అని అడిగిందట. "మీ ఇంట్లో చేతులకి పనుండదా అండీ" అని వదిన ఎదురడిగి, లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుందట. ఆ సంబంధం అంతే. తరవాత వచ్చినవీ అంతే. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆవిడ నవ్వుతుంది గానీ, చెప్పాక లేచి మళ్ళీ మిషను ముందుకే పోతుంది.

పెన్సిలు ముడిలో దోపుకుని ఇల్లంతా పెన్సిలు కోసం వెతుకుతుంది. టీ మీద పొట్టు తేలుతుంటే వేలితో పక్కకి నెట్టి తాగేస్తుంది. పొట్టు కళ్ళలో పడకుండా అద్దాలు పెట్టుకోమంటే, "అద్దాల్లోంచి చూస్తే గీత కదులుతుందే" అంటుంది. చెప్పిన మాట వినడం అనేది ఆవిడ జాతకంలో రాయలేదు.

ఇక ఆ మిషను సంగతి. స్క్రోల్ సా అని దాని ఒంటిమీద రాసి ఉంటుంది. మేము సన్నరంపం అంటాం. చూడనివాళ్ళకి చెప్పాలంటే కుట్టుమిషను లాంటిదే. సూది ఉండాల్సిన చోట నూలుపోగంత సన్నటి బ్లేడు నిలువుగా బిగించి ఉంటుంది. మోటారు వెయ్యగానే అది పైకీ కిందికీ దడదడలాడుతుంది. చెక్కని ఇనప బల్లమీద ఆనించి, గీత వెంబడి తిప్పుకుంటూ బ్లేడుకి అందించాలి. బ్లేడు దిగడానికి బల్ల మధ్యలో ఒక కన్నం ఉంటుంది. పెద్ద చెక్కకి ఏ బాధా లేదు. చిన్న ముక్కతోనే వస్తుంది తంటా. అది ఆ కన్నంలోంచి కిందికి జారిపోతుంది. లేదంటే బ్లేడు పళ్ళకి తగులుకుని గాల్లోకి లేస్తుంది. లేదంటే తనని పట్టుకున్న వేలుని కూడా బ్లేడు మీదికి లాక్కుపోతుంది.

మా మామగారి రూలు ఒకటుండేది. చెక్కని ఉత్త వేళ్ళతోనే పట్టాలి. పుల్లతో నొక్కడం, ఏదైనా అడ్డం పెట్టడం, అంటించడం, ఇవన్నీ చేతగానివాళ్ళ పనులని ఆయన లెక్క. ముందు చెక్కని చిన్న తునక చేసుకోవాలి, ఆ తునకని వేలికొసలతో పట్టి చుట్టూ చెక్కుకుంటూ రావాలి. ఎవడైనా పుల్ల పట్టుకుంటే స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారట. పిల్లలిద్దరూ ఆ దెబ్బల మీదే పెరిగారు.

ఆయన పోయాక అక్కాతమ్ముళ్ళు పని పంచుకున్నారు. పలకలు, రెక్కలు, ఆకులు, పెద్దవన్నీ వదిన. కళ్ళు, ముక్కులు, కాలివేళ్ళు, గోరు కంటే చిన్నవన్నీ మా ఆయన. చిన్నవాటికి కూర్చున్నప్పుడు మా ఆయన తలుపు గడియ పెట్టుకునేవారు. గాలికి పొట్టు లేస్తోందని అక్కతో చెప్పేవారు.

అసలు సంగతి నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం వంటింట్లోకొచ్చి, "కాస్త మైదా జిగురు కాచి పెట్టవూ" అని మెల్లగా అడిగేవారు. ముక్కు కొయ్యాల్సిన నల్లచెక్క తునకని, అరచెయ్యంత పనికిరాని పలకకి అంటించేవారు. మధ్యలో పాత పేపరు ఒక పొర. పైన నా ఉప్పుడబ్బా బరువు. మర్నాటికి రాయిలా బిగుసుకునేది. ఇక ఆయన పట్టుకునేది పలకని, ముక్కని కాదు. వేళ్ళు బ్లేడుకి రెండంగుళాల దూరంలో ఉండేవి. బల్ల కన్నం మీద పాత పేకముక్క ఒకటి అంటించి, అందులోంచి బ్లేడు పట్టేంత సందు మాత్రం ఉంచేవారు. చుట్టూ కోసి, చివర వెంట్రుకవాసి వదిలి, అప్పుడు ఆ కాస్తా కోసేవారు. ముక్క ఎగరదు, జారదు, పలకలోనే తన గూట్లో కూర్చుని ఉంటుంది. మోటారు ఆపి, బ్లేడు నిలబడ్డాక సూదిమొనతో లేపి, పేపరు పొర దగ్గర చాకు దూరిస్తే టప్పున విడిపోయేది. "చిన్నది చేశాక కొయ్యడం కాదు, కోశాకే చిన్నది చెయ్యాలి" అనేవారు నాతో. "అక్కకి మాత్రం చెప్పకు. నెల రోజులు నవ్వుతుంది."

చలికాలంలో ఆయన పోయారు. మామూలు జ్వరమే అనుకున్నాం.

ఆ తరవాత కొన్నాళ్ళు మిషను మీద దుప్పటి కప్పి ఉంచాం. అప్పుడు వచ్చాడు గడియారాలాయన. మాకు పనిచ్చేది ఆయనొక్కడే. కుర్చీ అంచు మీద కూర్చుని, పరామర్శ అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"కొత్త షాపు తెరుస్తున్నాను మేస్త్రమ్మగారూ. గోడకి పెద్ద గడియారం పెడదామని. అంకెలు వద్దు. అంకెకో పిచ్చుక. ఒకటి ఎగురుతూ, ఒకటి గింజ ఏరుకుంటూ, అలా దేని తీరు దానిదే."

"చేస్తాం" అంది వదిన.

"తమ్ముడుగారు చేసినట్టే రావాలి. రాకపోతే మాత్రం నన్ను తప్పుగా అనుకోకండి. ఈమధ్య కంప్యూటరులో బొమ్మ పెడితే వెలుతురుతో కోసిచ్చే మిషన్లు వచ్చాయి. నేనూ అటు చూసుకోవాల్సి వస్తుంది."

"వెలుతురుతో కోస్తే అంచులు మాడతాయి."

"మాడతాయనుకోండి. కానీ ముక్క ఎక్కడికీ పోదు కదా."

ఆయన వెళ్ళాక వదిన చాలాసేపు దుప్పటి మడతపెడుతూనే ఉంది. ఈ గడియారం కుదరకపోతే ఆ మిషనుకి ఇక పనుండదు. పని లేని మేస్త్రమ్మని ఈ ఇంట్లో ఏ మూల కూర్చోబెట్టాలో నాకు తోచలేదు.

రెక్కలూ ఒళ్ళూ వారంలో అయిపోయాయి. చూడముచ్చటగా వచ్చాయి. ముక్కుల దగ్గరే మొదలైంది మా గ్రహచారం. మొదటి రోజు పోయినవాటిని చూసి ఇక ఉండబట్టక చెప్పేశాను. ఆయన వద్దన్నమాట నిజమే. కానీ నవ్వితే నవ్వుతుంది, వేళ్ళు దక్కుతాయి కదా అనుకున్నాను.

"వదినా, ఆయన చిన్నవాటిని జిగురుపెట్టి పెద్ద పలకకి అంటించుకునేవారు."

మోటారు ఆగలేదు. "ఎవరూ?"

"ఆయనే. మైదా జిగురు. నేనే కాచి ఇచ్చేదాన్ని."

అప్పుడు ఆపింది. నావంక జాలిగా చూసింది. నవ్వినా బాగుండేది.

"అది బొమ్మకాగితం చెక్కమీద అంటించుకోడానికే పిచ్చిదానా."

"వేలెడు కాగితానికి గిన్నెడు జిగురెందుకు వదినా?"

"వాడికి చిన్నప్పట్నించీ దుబారా ఎక్కువ. పళ్ళు తోముకోడానికి బక్కెట్టు నీళ్ళు పట్టేవాడు."

మళ్ళీ మోటారు వేసింది.

మర్నాడు ఆయన పిప్పరమెంట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టాను. అందులో మిగిలిపోయిన కళ్ళూ ముక్కులూ ఉన్నాయి. ఒకటి తిప్పి చూపించాను. వెనక పేపరు పొర ఇంకా అంటుకునే ఉంది. సగం అక్షరం కూడా కనపడుతోంది.

"ఇదేమిటి మరి?"

"రంగు ఆరడానికి పేపరు మీద పెట్టుంటాడు."

"రంగు పైన కదా వేస్తారు, పేపరు కింద ఉంది."

"నేననేదీ అదే. పైన రంగు, కింద పేపరు. అర్థమైంది కదా, ఇక పొయ్యి సంగతి చూడు."

నాకు గట్టిగా మాట్లాడటం అలవాటు లేదు. ఎవరైనా గొంతు పెంచితే నా మాట గొంతులోనే ఉండిపోతుంది. గోడకి చెప్పుకున్నా ఈపాటికి ఒక పెచ్చు ఊడి పడేది. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి లేచినప్పుడు బల్ల కన్నం మీద పేకముక్క ఒకటి అంటించాను. వచ్చి చూసింది.

"ఇదేమన్నా క్లబ్బా?"

"కన్నం మూసుకుంటుంది వదినా. ముక్క కిందికి జారదు."

"రాణిగారిని ఒక్కదాన్నే కూర్చోబెట్టావేం? రాజుని కూడా పిలు. ఇద్దరూ కలిసి చూస్తారు నా అవస్థ." గోటితో గీకి తీసేసింది.

చెప్పి లాభం లేదు, చేసి పెడదామని నేనే జిగురు కాచి, నల్లచెక్క తునకని పలకకి అంటించి, పైన ఉప్పుడబ్బా పెట్టి, తెల్లవారి తీసి మిషను పక్కన పెట్టాను. చూస్తే తనకే తెలుస్తుందనుకున్నాను. నేను కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి ఆ పలక మిషను బల్ల కాలికింద ఎత్తు పెట్టి ఉంది.

"మంచి చెక్క పెట్టావే" అంది. "ఈ కాలు ఎప్పట్నించో ఊగుతోంది."

సంచీ అక్కడే కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి విప్పి ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాను.

మంచాలాయన కూడా అప్పుడే రావాలి. ఎదురింట్లో మంచాలు చేస్తాడు. చిన్నప్పుడు మామగారి దగ్గర కొన్నాళ్ళు పని నేర్చుకున్నాడు కాబట్టి వదినని అక్కా అంటాడు. మిషను మీద ఎప్పట్నించో కన్నుంది. గుమ్మంలో నిలబడి, పళ్ళలో పుల్ల పెట్టుకుని చూశాడు.

"ఇంకా ముక్కుల దగ్గరే ఉన్నావా అక్కా? అవి గింజలు తినేదెప్పుడు?"

"నీ మంచాల సంగతి చూసుకోరా. రాత్రి నీ మంచమెక్కినవాళ్ళు పొద్దున్నకి ఎదురుగోడ దగ్గర లేస్తున్నారట."

"నడిచే మంచమక్కా, కొత్త రకం." నవ్వి, గొంతు తగ్గించాడు. "ఊరికే పట్టుదలకి పోకు. మీ తమ్ముడి చెయ్యి వేరు. మేస్త్రిగారు మా అందర్నీ నిలబెట్టి వాడి చెయ్యి పైకెత్తి చూపించేవారు, చూడండ్రా, ఉత్త వేళ్ళతో కోస్తాడు, ఒక్క గాటుందేమో వెతకండి, అని. నాకింకా గుర్తే. అలాంటి చెయ్యి ఇంటికి ఒకటే ఉంటుంది. ఈ మిషను నాకిచ్చెయ్యి. కిటికీ డిజైన్లు కోసుకుంటాను."

వదిన లేచి వెళ్ళింది. తలుపు వేసేసింది.

నేను రాకముందు ఎవరిచేత కాయించుకునేవారో గానీ, గాటు లేకపోవడానికి కారణం వంటింట్లో గిన్నెలో ఉడికేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మంచాలాయన ముందు అనబుద్ధి కాలేదు.

ఆ కోపంలోనే కూర్చుంది వదిన. అలా కూర్చోకూడదు. నేను వంటింట్లో ఉండగా మోటారు చప్పుడు మారింది. గింజ గొంతుకి అడ్డం పడ్డట్టు ఒక్కసారి కటకటమని, ఆగిపోయింది. కేక వినపడలేదు. అందుకే భయపడి పరుగెత్తాను. ఆవిడ ఎడంచెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. కొంగు తడుస్తోంది.

"ఏం లేదు. ముక్క లాక్కుంది" అంది. మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

చూపుడువేలి గోరు నిలువునా చీలింది. డాక్టరు కుట్లు వేసి, వేలిని చిన్న దిండులా కట్టి, తడవకూడదు, దేనికీ తగలకూడదు అని చెప్పాడు. దారంతా ఆవిడ డాక్టరుని తిడుతూనే వచ్చింది, దూది దుబారా చేశాడని. ఇంటికొచ్చేసరికి గడియారాలాయన కబురు ఉంది. ఎల్లుండి వస్తాడట.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది. కట్టు ఉన్న వేలు పైకి లేపి పెట్టుకుని, మధ్యవేలితో తునక పట్టుకోడానికి చూస్తోంది. తునక జారిపోతోంది. నేను వెళ్ళి గోడదగ్గర ప్లగ్గు లాగేశాను.

"ప్లగ్గు పెట్టు."

"పెట్టను."

నా నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు ఆవిడకంటే నాకే ఆశ్చర్యమేసింది.

"రేపాయన వస్తే ఏం చూపించను? నా వేలు చూపించనా?"

"ఆ రెండో వేలు కూడా పోతే ఏం చూపిస్తారు?"

"అయితే నువ్వు కొయ్యి. అన్నీ తెలిసినదానివి కదా. రా, కూర్చో." వెటకారంగానే అంది. లేచి స్టూలు నావైపు నెట్టింది.

నేను కూర్చున్నాను. నాకు అంత ఒళ్ళుమండిపోయి ఉంది. ముందు వంగి, బల్ల కాలికింద ఎత్తు పెట్టిన పలకని లాగాను. బల్ల ఊగింది. పొట్టు దులిపి చూస్తే నేను అంటించిన తునక చెక్కు చెదరలేదు. దానిమీద బొమ్మకాగితం అంటించాను. కన్నం మీద పేకముక్క పెట్టాను. అద్దాలు పెట్టుకున్నాను. ప్లగ్గు పెట్టి మోటారు వేశాను. ఒళ్ళంతా జివ్వుమంది. ఇన్నేళ్ళు దాని చుట్టూ ఊడ్చాను గానీ ఎప్పుడూ ముందు కూర్చోలేదు.

"వేగం తగ్గించు. ఆ గుండ్రటిది తిప్పు. అటు కాదే, ఇటు." వదిన వెనక నిలబడి మొదలుపెట్టింది. "తొయ్యకు. అది పిండి కాదు కలపడానికి. బ్లేడుని తిననీ. మూల దగ్గర ఆగి తిప్పు. అయ్యో, గీత దాటావు. దాటావంటే వినవే. అది పిచ్చుకా చిలకా?"

చిలకే. ముక్కు వంకర తిరిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, చేతకానందుకు. కానీ అది ఎగరలేదు. మోటారు ఆపి చూస్తే, పలక మధ్యలో, తన గూట్లోనే ఉంది.

వెనక మాటలు ఆగిపోయాయి. తలతిప్పి చూస్తే వదిన ముక్కుని చూడటం లేదు. పలక రెండు చివర్లా ఉన్న నా చేతుల్ని చూస్తోంది.

"లే" అంది.

కుడిచేతి వేళ్ళతో ఒక అంచూ, కట్టున్న ఎడంచేతి అరచేత్తో ఇంకో అంచూ పట్టుకుంది. ఆ వేలితో పనే పడలేదు. నేను చేసిన చిలక పక్కనే, మిగిలిన నల్లచెక్కలో కొత్త గీత గీసుకుని మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి ఆవిడదే మరి. బ్లేడు గీత మీద పాకినట్టు వెళ్ళింది. చివర వెంట్రుకవాసి దగ్గర నేను "ఆగండి" అన్నాను. ఆగింది. పలక కాస్త తిప్పి ఆ మిగిలింది కోసింది. ఆపాం. బ్లేడు నిలబడ్డాక సూదితో లేపాను. చాకు దూర్చాను. టప్పుమంది.

ఆవిడ అరచేతిలో పెట్టాను. మొన విరగని ముక్కు. చాలాసేపు చూసింది. తరవాత బోర్లా తిప్పింది. వెనక పేపరు పొర, దానిమీద సగం అక్షరం. పిప్పరమెంట్ల డబ్బా తెమ్మంది. ఆయన ముక్కలు ఒక్కొక్కటే తీసి తిప్పి చూసింది, అన్నీ. ఏదైనా అంటుందేమోనని నేను నిలబడ్డాను.

"జిగురు ఇంకాస్త కాయి" అంది.

అంటించిన పలకలు ఎండలో పెట్టి, బిగిశాక రాత్రి పొద్దుపోయేదాకా కోసింది. మర్నాడు గడియారాలాయన వచ్చేసరికి పిచ్చుకలన్నీ గడియారం పలకలో కూర్చుని ఉన్నాయి. ఆయన జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకుని ఒక్కో పిచ్చుక మీదా వంగాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. టీ చల్లారిపోతోంది.

"అదే చెయ్యి" అన్నాడు చివరికి, అద్దం తీసి. "తమ్ముడుగారు చేసినట్టే ఉంది. మరి వేలికి ఆ కట్టుతో ఎలా కోశారండీ?"

"జిగురు పెట్టి పలకకి అంటించాను" అంది వదిన. "వేలు తెగాక తోచింది. నాకు వేళ్ళు లేక జిగురు. మా తమ్ముడికి ఇవేం అక్కర్లేదండీ. వాడివి మా నాన్న వేళ్ళు. ఉత్త చేత్తో కోసేవాడు."

"చెయ్యంటే అదండీ" అన్నాడాయన. ఇంకా రెండు గడియారాలు కావాలన్నాడు. చల్లారిన టీ తాగేసి వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చాను. ఖాళీ గ్లాసులు చేతిలోకి తీసుకున్నాను.

"ఆయన చేసింది అదే వదినా. మీకు ఇప్పుడు తెలుసు."

"తెలుసు."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

వదిన కట్టు సరిచేసుకుంటూ నేలకేసి చూసింది. "గడియారాలాయన నోట్లో మాట దాగదు. రేపటికి మంచాలాడి చెవిన పడుతుంది, ఎల్లుండికి వీధి వీధంతా. మేస్త్రి కొడుకు జిగురుతో కోసేవాడట, అని. నాన్న అందరికీ ఎత్తి చూపించిన చెయ్యే అది. అలాగే ఉండనీ. చేతకానిదాన్నని నన్ను అనుకుంటే అనుకోనీ, నాకేం పోయింది."

"ఆయన చేతకాక అంటించలేదు వదినా. తెలిసి అంటించారు. ఒక్క గాటు లేకుండా ఇంటికి... " ఇంటికొచ్చేవారు అనబోయాను, ఆయన పనిచేసింది ఇంట్లోనే. ఏం చెప్పాలనుకున్నానో అది చెప్పలేకపోయాను.

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. చాలదూ?"

"చాలదు."

ఆవిడ తలెత్తింది. నేను గ్లాసులు బల్లమీద పెట్టాను. ఆవిడ తమ్ముణ్ణి కాపాడానని అనుకుంటోంది. నిజంగానే అనుకుంటోంది, తన పేరు తీసి పక్కన పెట్టి మరీ. ఆవిడ మీద ఎలా కోప్పడను? కోప్పడకుండా ఎలా ఉండను? వీధిలో అందరికీ గుర్తుండబోయే మనిషీ, నాకు తెలిసిన మనిషీ ఒక్కరు కారు. వంటింటి గుమ్మంలో నిలబడి మెల్లగా జిగురు అడిగిన మనిషి ఇక ఎవరికీ లేడు.

వదిన ఏమీ జరగనట్టు, "రేపటికి కాస్త ఎక్కువే కాయాలి. రెండు గడియారాలు" అంది.

"మీరే కాచుకోండి వదినా."

నావంక చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె చప్పుడైంది. పొయ్యి వెలిగింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. మైదా ముందు చన్నీళ్ళలో కలుపుకోవాలి, పొయ్యిమీద పెట్టాక చెయ్యి ఆపకూడదు. ఆవిడ మరుగుతున్న నీళ్ళలో పొడి పిండి పోసి ఉంటుంది. నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది.

"ఏమే, ఇది ఉండలు కడుతోంది" అని లోపల్నుంచి వినపడింది.

కట్టనీ అనుకున్నాను.

"ఏమే. అడుగంటుతోంది కూడానూ."

మాడు వాసన ముందుగదిలోకి వచ్చింది. ఒంటిచేత్తో గిన్నె ఎలా దించుతుంది, ఆ కట్టు తడిపేసుకుంటుందేమో. ఇంకాసేపు కూర్చుందామనే అనుకున్నాను. కూర్చోలేక లేచి, లోపలికి వెళ్ళి, గిన్నె దించి, మాడిందంతా పారబోసి, మైదా డబ్బా మళ్ళీ తీశాను. వదిన పక్కకి జరిగి, గరిటె పట్టుకునే నిలబడింది. ముందు చన్నీళ్ళు పోసి కలపడం చూస్తోంది. నేను చూపించలేదు. చూడొద్దనీ అనలేదు.